చెరొకరు

కుట్టు షాపు,
మంగళవారం మధ్యాహ్నం

వదినగారికి నమస్కారాలు.

ఫోన్ ఉండగా ఈవిడకు ఉత్తరమెందుకు అనుకుంటారేమో. ఫోన్ చేస్తే మీరు నన్ను ఒక్క మాట పూర్తి చేయనివ్వరు. బస్ స్టేషన్లో కంట్రోలర్‌గా ముప్పై ఏళ్ళు మైకు పట్టుకున్న గొంతు మీది. ఎదుటి మనిషికి సందివ్వడం మీకు అలవాటు లేదు. మొన్న పోట్లాడుకున్నప్పుడు ఇవతల నేను ఏడుస్తున్నానని కూడా గమనించకుండా మాట్లాడుకుంటూ పోయారు. కాగితం మీదైతే మధ్యలో దూరలేరు కదా అని రాస్తున్నాను.

సంగతేమిటంటే, మన మనవరాలికి బడిలో ఒక పని ఇచ్చారు. కుటుంబమంతా ఒక రోజు కలుసుకునే ఏర్పాటు పిల్లలే చేయాలట. ఎవరిని పిలవాలి, ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలి, ఏం తినాలి, ఏం ఆడాలి, అన్నీ వాళ్ళే ఆలోచించుకోవాలట. ఇంట్లో పెద్దవాళ్ళలో ఒకరి సాయం మాత్రం తీసుకోవచ్చట. నాలుగో తరగతి పిల్లలకు ఇదీ పని. ఎవరి కొంపలో ఏం తగలబడుతోందో ఆ టీచరమ్మకేం తెలుసు?

పిల్ల సాయానికి నన్ను ఎంచుకుంది. వాళ్ళమ్మకు ఆస్పత్రిలో డ్యూటీ మీద డ్యూటీ, ఇంట్లో ఖాళీగా కనిపించే మనిషిని నేనే. యూనిఫాంల సీజను నెత్తి మీదున్నా సరే, కత్తెర పక్కన పెట్టి, చెప్పవే తల్లీ అన్నాను. అది అడిగిన మొదటి ప్రశ్న ఇదీ. "అమ్మమ్మా, కుటుంబమంటే తమ్ముడు కూడానా, మనం ముగ్గురమేనా?"

ఏం చెప్పమంటారు? మీ అబ్బాయీ మా అమ్మాయీ విడిపోయిన రోజున పిల్లలు చెరొకరి దగ్గర ఉంటే ఎవరికీ అన్యాయం జరగదని తీర్పు చెప్పింది మీరు. "చిన్నోడు మా దగ్గర, పెద్దది మీ దగ్గర" అని వేలు చూపించి మరీ చెప్పారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సిన మనిషి కూడా మీరే. మీరు ఇక్కడ లేరు కాబట్టి, తమ్ముడు కూడానేనని నేను చెప్పాను.

ఇక దాన్ని ఆపడం నా తరం కాలేదు. తమ్ముడుంటే నాన్న ఉండాలి, నాన్న ఉంటే నాయనమ్మ ఉండాలి, అంటూ రెండు వైపుల వాళ్ళనూ పోగేసింది. చిన్నోడికి ఫోన్ చేసి పని కూడా పంచేసుకుంది. తిండీ పిలుపులూ అక్క చూస్తుంది. ఆటలూ కుర్చీలూ తేదీ తమ్ముడు చూస్తాడు. వాడికి తేదీలు తెలియవు కనుక ఆ ఒక్కటీ మీరు చూసిపెట్టాలట. రూళ్ళు కూడా పెట్టింది. ముందు పుల్ల ఐసు, తర్వాతే అన్నం. పెద్దవాళ్ళు గుసగుసలాడకూడదు, ఆడితే లేచి నిలబడి అదే మాట అందరికీ వినిపించేలా చెప్పాలి. ఎవరికైనా ఏడుపొస్తే బాత్‌రూమ్‌లోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడవకూడదు, అందరి ముందే ఏడవాలి. ఆ చివరిది వినగానే మా అమ్మాయి లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నాకు ముచ్చట పుట్టి రాయడం లేదు, పిల్ల కోసం రాస్తున్నాను. ఈ నెలంతా ఆదివారాలు వాళ్ళమ్మకు డ్యూటీ. తేదీ వేసేటప్పుడు అది గుర్తుంచుకోండి.

మీ వియ్యపురాలు
(ఆ వరసైనా ఇంకా మిగిలుందనుకుంటాను)

*

బస్ స్టేషన్ వెనక ఇల్లు,
శుక్రవారం

వదినగారికి,

ఉత్తరం అందింది. నమస్కారాల కింద దాచిపెట్టిన సూదులన్నీ కూడా అందాయి. కుట్టుపనిలో ఆరితేరినవారు, ఎక్కడ గుచ్చితే దిగుతుందో మీకు ఒకరు చెప్పాలా.

తీర్పు నేను చెప్పానా? బాగుంది వరస. ఆ రోజు మీరు ఆ గదిలో లేరా? "అదే నయం వదినా" అని తల ఊపింది ఎవరు? మీ అమ్మాయి పెట్టె సర్దుకునే రోజున చిన్నోడి ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. జ్వరం పిల్లాణ్ణి బస్సెక్కించొద్దన్నాను, అన్నమాట నిజమే. జ్వరం తగ్గాక వచ్చి తీసుకెళ్తామని మీలో ఒక్కరైనా అన్నారా? తీసుకొచ్చి దింపుతానని నేనూ అనలేదు, సరే. అలా ఉండిపోయాడు. ఇప్పుడు పాపం మొత్తం తెచ్చి నా గుమ్మంలో పోస్తే నేను ఊరుకోను.

మీ మనవరాలు అంటించిన పిచ్చి వీడికి బాగా ఎక్కింది. మా అబ్బాయి సర్వే పని మీద వారమంతా ఊళ్ళు పట్టుకు తిరుగుతాడు, ఇంట్లో ఉండేది నేనూ వీడూ. బడి నుంచి రాగానే వంటింటి సామానంతా హాల్లోకి ఈడ్చి వరసగా పేరుస్తాడు. అవి చుట్టాలట. కుక్కర్ నేను. సొట్ట గిన్నె వాళ్ళ నాన్న. మీరు జల్లెడ. నాకు నవ్వొచ్చింది, దాచడమెందుకు.

వాళ్ళమ్మ పక్కన వాళ్ళ నాన్నను పెడతాడేమో, ఈ తతంగమంతా అందుకేనేమో అనుకున్నాను. అదే అడిగాను. వద్దన్నాడు. వాళ్ళు దూరదూరంగానే కూర్చోవాలి, లేకపోతే అన్నం తినేటప్పుడు మొదలుపెడతారు అన్నాడు. తనకూ అక్కకూ మాత్రం ఒక్క కుర్చీయే వేశాడు. రెండు వేసుకోండిరా, కుర్చీలకు కరువొచ్చిందా అంటే, ఒకటే చాలు, ఇరుక్కుంటాం అన్నాడు.

ఆరేళ్ళవాడికి ఇన్ని మాటలు ఎక్కణ్ణుంచి వస్తాయి? మీ ఇంట్లోనే ఎవరో నూరిపోస్తున్నారు. పిల్లల సరదా అని పేరు పెట్టి, మా అబ్బాయిని నలుగురిలో నిలబెట్టి కడిగేద్దామని మీ ఎత్తు. నేను చూడని ప్రయాణికులా, నేను వినని కథలా? అయినా పిల్లలు అడిగారు కాబట్టి కాదనను.

తేదీ సంగతి నాకొదిలేయండి, టైము వేయడం నాకు ఒకరు నేర్పక్కర్లేదు. చోటు మాత్రం మా ఇల్లు. హాలు పెద్దది. మీ షాపులో మిషన్ల మధ్య, పీలికల మీద ఎవరు కూర్చుంటారు?

మీ వియ్యపురాలు
(వరస ఎందుకు తెగుతుంది? విడిపోతామని సంతకం పెట్టింది వాళ్ళు, మనం కాదు)

*

కుట్టు షాపు,
బుధవారం

వదినగారూ,

ఈసారి నమస్కారాలు లేవు.

తేదీ ఆదివారం వేశారని చిన్నోడు అక్కకు చెప్పాడు. ఆదివారాలు మా అమ్మాయికి డ్యూటీ అని నేను తెలుగులోనే రాశాను. రోజుకు అన్ని బస్సులు ఒకదానికొకటి అడ్డం రాకుండా నడిపిన మనిషి, ఈ ఒక్కటీ పొరపాటున వేశారంటే నన్ను నమ్మమంటారా? తల్లి లేని రోజు చూసి పిల్లల కలయిక పెట్టారు. ఎంత కడుపుమంట ఉంటే ఈ ఆలోచన వస్తుంది?

పిల్ల వాళ్ళమ్మను బతిమాలింది, డ్యూటీ మార్చుకో అని. అది వార్డులో ప్రతి ఒక్కరినీ అడిగింది. ఎవరికి వాళ్ళకే ఇబ్బందులు, హెడ్ నర్సు కుదరదని చెప్పేసింది. ఆ సంగతి పిల్లకు ఎలా చెప్పాలో తెలియక మా అమ్మాయి షాపులోకి వచ్చి నా పక్కన కూర్చుని, ఎవరూ అడగకుండానే బొత్తాలు రంగులవారీగా ఏరిపెట్టింది. నేను మిషన్ తొక్కుతూనే ఉన్నాను. ఆపితే ఇద్దరం ఏడుస్తామని ఆపలేదు.

మీ మనవరాలు ఎంత కష్టపడుతోందో మీకు తెలుసా? ఎవరికి ఏది పడదో గుర్తు పెట్టుకుంది. వాళ్ళ నాన్నకు వంకాయ దురద. చిన్నోడికి పాలు పడవు, అందుకే ఐస్‌క్రీమ్ కొట్టేసి పుల్ల ఐసు పెట్టింది. మీకు పళ్ళు నొప్పి కనుక మీ అన్నం మెత్తగా వండాలని నాతో చెప్పింది. మీరేమో దానికి తల్లిని లేకుండా చేశారు.

ఇక మీ పెద్ద హాలు సంగతి. ఆ హాల్లోంచే నా కూతురు పెట్టె మోసుకుంటూ బయటికి నడిచింది. పట్టుకోవడానికి ఒక్క చెయ్యి సాయం రాలేదు. ఆ గడప మళ్ళీ నన్ను తొక్కమంటారా? పీలికలున్నా నా షాపే నయం, ఇక్కడినుంచి ఎవరినీ బయటికి పంపలేదు.

తేదీ మార్చండి. మార్చకపోతే నా దారి నేను చూసుకుంటాను.

మీ వియ్యపురాలు

*

బస్ స్టేషన్ వెనక ఇల్లు,
సోమవారం

వదినగారూ,

మీ దారేమిటో తెలిసింది.

నిన్న చిన్నోడు అక్కతో ఫోన్లో మాట్లాడి వచ్చి, నా ఎదురుగా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. ఎందుకు రానన్నావు అని నిలదీశాడు. నన్నెవరు పిలిచార్రా అన్నాను. అమ్మమ్మ అందరికీ ఫోన్ చేసిందట. నేను రానని పెట్టేశానట. మా మరిది రానన్నాడట, మా ఆడపడుచు రానందట. మా వైపు వాళ్ళెవరికీ ఈ పిల్లలతో పని లేదన్నారట. వాడు చెబుతుంటే నాకు మతి పోయింది. మా మరిదికి ఫోన్ చేశాను, ఆడపడుచుకు చేశాను. ఒక్కరికీ ఒక్క ఫోనూ రాలేదు. నా ఫోన్ సంగతి నాకు తెలియదా, రోజంతా నా పక్కనే పడి ఉంటుంది.

పిలుపుల పని పిల్ల మిమ్మల్ని నమ్మి అప్పజెప్పింది. మీ వాళ్ళను పిలుచుకుని, మా వాళ్ళను మా నోటితోనే రామనిపించారు. తొమ్మిదేళ్ళ పిల్లతో అబద్ధమాడడానికి మీకు నోరెలా వచ్చింది? ఇకమీదట అది మా మొహాలు చూస్తుందా? వాళ్ళ నాన్నకే అక్కర్లేదనుకుంటుంది. ఆలోచించారా అది?

ఆదివారం కావాలనే వేశాను. అవును. దాచుకోవాల్సిన ఖర్మ నాకు లేదు. ఇద్దరూ ఎదురుపడితే మా అబ్బాయి మొహం గోడకు తిప్పుకుంటాడు, మీ అమ్మాయి కళ్ళు నింపుకుంటుంది. ఒకరు లేకపోతే మిగిలినవాళ్ళమైనా నాలుగు మెతుకులు తింటామనుకున్నాను. తప్పంటే తప్పే. కానీ పిల్లల దగ్గర కల్లబొల్లి కబుర్లు చెప్పలేదు.

వాడు కుక్కరూ జల్లెడా గిన్నెలూ అన్నీ ఎత్తి వంటింట్లో పెట్టేశాడు. ఎక్కడివి అక్కడే పెట్టాడు. అరిచి గోల చేస్తే ఒక దెబ్బ వేసి దగ్గరికి తీసుకునేదాన్ని.

మీ వియ్యపురాలు

*

కుట్టు షాపు,
గురువారం

వదినగారూ,

అవును, చేయలేదు.

చేద్దామనే ఫోన్ తీశాను. మీ గొంతు తలుచుకున్నాను. ఎలాగూ రానంటారు, నాలుగు మాటలంటారు, అవి పడి మళ్ళీ పిల్లకు రానన్నారని చెప్పడమెందుకు, ముందే చెప్పేస్తే పోతుంది కదా అనుకున్నాను. మీరు అనబోయేదాన్ని అన్నారని చెప్పాను, అంతే. రాస్తుంటే నాకే సిగ్గుగా ఉంది. మీ ముందు సిగ్గుపడాల్సి వచ్చినందుకు ఇంకా మండుతోంది.

మీ ఫోన్ల సంగతి చిన్నోడు చెప్పడంతో ఇక్కడ పిల్లకు అంతా తెలిసిపోయింది. నేను యూనిఫాం చొక్కాలకు కాలర్లు వేస్తుంటే వచ్చి నిలబడింది. నీ కోసమే కదే ఇదంతా, నేను సాయం చేస్తున్నాను కదా అన్నాను. "నువ్వు సాయం చేయలేదు అమ్మమ్మా. నీ పని చేసుకున్నావు. నాయనమ్మ కూడా అంతే" అంది. కేకలు వేయలేదు, ఏడవలేదు. నా కూతురు కూడా నన్ను ఎప్పుడూ అంత మాట అనలేదు.

తర్వాత తమ్ముడికి ఫోన్ చేసింది. ఇద్దరూ ఏం అనుకున్నారో, వచ్చి తేల్చి చెప్పింది. పెద్దవాళ్ళెవరినీ పిలవడం లేదట. అమ్మ వద్దు, నాన్న వద్దు, మీరు వద్దు, నేను వద్దు. కుటుంబమంటే వాళ్ళిద్దరేనట. తేదీ మీరు వేసిన ఆదివారమే ఉంచుకుంటారట. మీ హాలు కాదు, నా షాపూ కాదు. జంక్షన్ బస్ స్టేషన్లో వెయిటింగ్ హాలు కావాలట. రెండు ఊళ్ళకూ సరిగ్గా మధ్యలో ఉంది కాబట్టి ఎవరిదీ కాదట. మనం చేయాల్సిందల్లా తీసుకొచ్చి దింపడం, సాయంత్రం మళ్ళీ తీసుకెళ్ళడం. లోపలికి మాత్రం రాకూడదు.

చూశారా వదినా, వీళ్ళ ధైర్యం? ముక్కు తుడిచి, జడ వేసి, ఒళ్ళో పెట్టుకుని పెంచినదాన్ని, నన్ను గుమ్మం బయట కూర్చోమంటోంది. ఇంత చేసి నేను డ్రైవర్నయ్యాను.

ఆ హాలు మీ పలుకుబడితోనే దొరకాలి. మీకు చెప్పక తప్పదు కాబట్టి చెబుతున్నాను.

మీ వియ్యపురాలు

*

బస్ స్టేషన్ వెనక ఇల్లు,
శనివారం

వదినగారికి,

హాలు మాట్లాడాను. అక్కడ ఇప్పుడు కంట్రోలర్‌గా ఉన్నమ్మాయి నా దగ్గర పని నేర్చుకున్నదే. ఒక మూల ఫ్యాన్ కింద బల్ల వేయిస్తానంది. ఎంతమంది మేడం అని అడిగితే ఇద్దరు అన్నాను. నవ్వింది. మిగతావాళ్ళెందుకు రావడం లేదంటే ఫోన్ పెట్టేశాను.

నన్ను కూడా పిలవలేదు. వాడి జ్వరాలకు నిద్రలు మానిన మనిషిని. నేనెక్కడ కూర్చోవాలిరా అంటే, నువ్వు మైకు గదిలో కూర్చో నాయనమ్మా, నీకు అక్కడ బాగుంటుంది అని నా మీద దయ తలిచాడు.

ఒక మాట. ఆ రోజు మీరు నాతో మాట్లాడొద్దు, నేనూ మాట్లాడను. మీరు వరండాలో బెంచీ మీద కూర్చోండి, నేను మైకు గదిలో ఉంటాను. మనం మాట్లాడుకుంటే ఆ ఒక్క రోజు కూడా వాళ్ళకు దక్కదు.

మీ వియ్యపురాలు

*

కుట్టు షాపు,
మంగళవారం

వదినగారికి,

మాట ప్రకారం ఆ రోజు మీతో మాట్లాడలేదు. అవతల అద్దాల వెనక మీరు, ఇవతల బెంచీ మీద నేను, మధ్యలో వాళ్ళు. అక్కడ మింగినదంతా ఇప్పుడు కక్కుతున్నాను, వినండి.

ముందు నాకు ఒళ్ళు మండిన సంగతి చెబుతాను. సంచి పట్టుకున్న ఒక ముసలాయన హాల్లోకి వచ్చి వాళ్ళ బల్ల దగ్గర కూర్చున్నాడు. పిల్ల ఏదో చెప్పింది, ఆయన కంగారుగా లేచాడు. చిన్నోడు ఆయన చొక్కా పట్టుకుని మళ్ళీ కూర్చోబెట్టాడు. పుల్ల ఐసు ఇచ్చాడు. తర్వాత డ్యూటీ దిగిన కండక్టరమ్మ వచ్చింది, ఆవిడకూ ఇచ్చారు. దారినపోయే వాళ్ళంతా చుట్టాలయ్యారు. కన్నవాళ్ళను కన్నవాళ్ళం, మనం అద్దంలోంచి చూస్తూ కూర్చున్నాం. నాకు ఒక్క పుల్ల ఐసు ఇవ్వలేదు వదినా.

మధ్యలో చిన్నోడు ఏడ్చాడు, మీరు చూసే ఉంటారు. ఆట బాగానే సాగుతోంది, ఎందుకో బల్ల మీద తల పెట్టేశాడు. నేను ఆగలేక తలుపు దాకా వెళ్ళాను. పిల్ల నన్ను చూసి, అక్కడే ఆగమని చెయ్యి చూపించింది. వాడికి ఊరుకో అని కూడా చెప్పలేదు. పక్కన కూర్చుని వాడు ఏడ్చినంతసేపు ఏడవనిచ్చింది. ఆ కండక్టరమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఇవన్నీ ఒక ఎత్తు. తిరుగు బస్సులో పిల్ల కిటికీ వైపు తిరిగి కూర్చుంది. బాగా జరిగిందా అమ్మా అని అడిగాను. "వాడికి గోళ్ళు తీశాను అమ్మమ్మా. థాంక్స్ అక్కా అన్నాడు" అంది. మంచిదే కదే అన్నాను. "ఇదివరకు ఎప్పుడైనా అన్నాడా? గోళ్ళు తీస్తే గిచ్చి పారిపోయేవాడు" అంది.

అప్పుడు నాకు బుర్రకెక్కింది. ఆ రోజంతా వాళ్ళిద్దరూ ఒక్కసారి కూడా కొట్టుకోలేదు. అది చూశారా మీరు? పెద్ద ముక్క నీకంటే నీకన్నారు. నువ్వు ముందు ఆడు, కాదు నువ్వే ఆడు అన్నారు. ఒకప్పుడు ఒక పెన్సిల్ ముక్క కోసం నా మిషన్ కిందికి దూరి జుట్లు పట్టుకున్న వాళ్ళు. అక్కాతమ్ముళ్ళు ఒకరికొకరు మర్యాద చేసుకుంటున్నారు, ఇంటికొచ్చిన చుట్టాలకు చేసినట్టు. మనం చేసిన ఘనకార్యం ఇది.

ఎవరిచ్చారు వదినా మనకీ హక్కు? చెరొకరు అంటే ఎవరికీ అన్యాయం జరగదన్నారు మీరు, అదే నయమన్నాను నేను. మనకు జరగలేదు, నిజమే. మీకో మనవడు, నాకో మనవరాలు మిగిలారు. వాళ్ళకేం మిగిలింది? అన్నదమ్ములు ఆస్తి పంచుకున్నా చెప్పుల జతను విడదీయరు. మొగుడూపెళ్ళాలకు పడకపోతే వాళ్ళు విడిపోయారు. ఈ పిల్లలిద్దరికీ పడలేదని మనకెవరు చెప్పారు? ఈ మాట మా అమ్మాయిని కూడా మొహం మీదే అడిగాను. నాకు తెలుసమ్మా, అడిగితే వాణ్ణి తెచ్చుకోబోయి దీన్ని కూడా పోగొట్టుకుంటానేమోనని భయం అంది. దాన్ని తిట్టాను, నన్ను నేను తిట్టుకున్నాను, మిమ్మల్ని ఇప్పుడు తిడుతున్నాను.

ఇంకో విడ్డూరం వినండి. పిల్ల తన పని రాసి బడిలో ఇచ్చింది. పెద్దల భాగస్వామ్యం లేదని టీచరమ్మ మార్కులు తగ్గించింది. మనం అంతలా పాల్గొన్నామని ఆవిడకు తెలియదు.

మీరు పిల్లను అటు పంపమంటే పంపుతాను. ప్రాణం గిలగిల్లాడినా పంపుతాను, మా అమ్మాయిని కూడా నేనే ఒప్పిస్తాను. లేదంటే వాణ్ణి ఇటు పంపండి. ఏదో ఒకటి తేల్చండి. ఇద్దరూ ఒకే కప్పు కింద ఉండాలి. చెరొకరు అనే మాట నా దగ్గర ఇంకోసారి ఎత్తారంటే మాత్రం మర్యాద దక్కదు.

మీ వియ్యపురాలు

*

బస్ స్టేషన్ వెనక ఇల్లు,
ఆదివారం

వదినగారికి,

తిట్లన్నీ అందాయి. ఒక్కటి కూడా వెనక్కి పంపడం లేదు.

మైకు గదిలోంచి నాకూ అన్నీ కనిపించాయి. ఆ కంట్రోలరమ్మాయి, ఎంత బుద్ధిమంతులు మేడం మీ పిల్లలు, ఒక్క అల్లరి లేదు అని మెచ్చుకుంది. నేను పొంగిపోయాను. అది మెచ్చుకోవాల్సిన సంగతి కాదని మీ ఉత్తరం చదివేదాకా నాకు తట్టలేదు. ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలియక, మా అబ్బాయి ఇంటికి రాగానే వాడి మీద చూపించాను, పిల్లాణ్ణి అక్క దగ్గరికి పంపేస్తున్నానన్నాను. కొడుకు లేకపోతే ఇంక నేనెవరి కోసం ఇంటికి రావాలమ్మా అన్నాడు. వారానికోసారి ముఖం చూపించేవాడివి, ఆ ఒక్కసారీ వాళ్ళిద్దరూ ఉన్నచోటికే వెళ్ళరా అన్నాను. నువ్వే కదమ్మా చెరొకరన్నావు అన్నాడు. అన్నాను, నా నోటికి పుండు పుట్టినా బాగుండేది, అందరూ నా మాటే వినాలా అన్నాను. ఆఖరికి లేచి పిల్లాడి బట్టలు వాడే మడత పెట్టాడు. ఒక్కటీ సరిగ్గా మడవలేదు, మీరు మళ్ళీ మడుచుకోండి.

పిల్లను ఇటు పంపొద్దు. మీ ఇంట్లో తల్లి రోజూ ఇంటికొస్తుంది, ఏ వేళకైనా సరే వస్తుంది. మా ఇంట్లో తండ్రి రాడు. టైము లెక్కలు తెలిసినదాన్ని, ఇందులో నాకు నేను అబద్ధం చెప్పుకోలేను. చిన్నోణ్ణి శనివారం తీసుకొస్తున్నాను. సెలవులకు మాత్రం ఇద్దరూ నా దగ్గరే. అందులో ఒక్క రోజు తగ్గినా ఊరుకోను. చదువులు గట్రా చెప్పి ఎగ్గొడదామని చూడకండి.

వాడికి ఈ సంగతి చెప్పాను. కనీసం మొహమాటానికైనా నా మెడ పట్టుకుని ఏడుస్తాడనుకున్నాను. ఎగిరి గంతేశాడు. ఆ క్షణం నుంచి ఇల్లంతా తిరిగి తన సామాను పోగేస్తున్నాడు. అక్క మంచం మీద గోడవైపు తనకే కావాలట, ఇవ్వకపోతే కొరుకుతాడట. ఇప్పటినుంచే గొడవకు సిద్ధమవుతున్నాడు, మీరు కాచుకోండి. నేను వాడికి అన్నం కలిపిన చేతిని చూసుకుంటూ కూర్చున్నాను. ఇంత కృతఘ్నత ఎక్కడైనా ఉందా?

అప్పుడు వచ్చాడు. ఒక కాలికి బూటు, ఒక కాలికి లేదు. నా ముందు నిలబడి అడిగాడు.

"అక్కకు నేనుంటాను. నాకు అక్క ఉంటుంది. మరి నీకెవరుంటారు నాయనమ్మా, పోట్లాడుకోవడానికి?"

వదినా, ముప్పై ఏళ్ళు మైకు ముందు తడబడని నోరు నాది. పిల్లాడి ముందు మాటలు కూడదీసుకోవాల్సి వచ్చింది. మీ అమ్మమ్మ ఉందిలేరా అనేశాను. వాడు సరే అయితే అని నమ్మి, రెండో బూటు వెతుక్కోవడానికి వెళ్ళిపోయాడు.

మీరు ఉన్నారు కదా?

మీ వియ్యపురాలు